వెలుతురులో చూసుకోమన్న మేనత్త

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను కృష్ణగిరిలో ఇంకా పళ్ళు తోముకుంటున్నాను. "అమ్మ పోయిందప్పా. నిద్దర్లోనే" అన్నాడు. దొరికిన బస్సెక్కి హోసూరులో దిగి నడుస్తుంటే, బజారు వీధి మొదట్లోనే ఆమె నన్ను చూసి నవ్వుతూ కనబడింది. ఫ్లెక్సీలో. నల్లటి జుట్టు, నున్నటి బుగ్గలు, మెడ మీద ఒక్క ముడత లేదు. ఎప్పటి ఫోటోనో. కింద మా పార్టీ గుర్తు, చుట్టూ చేతులు జోడించిన నాయకుల తలకాయలు.

ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఇది ఆ కోపం తగ్గకుండానే రాస్తున్నాను. స్మృతి వ్యాసమంటే మెత్తగా ఉండాలనుకునేవాళ్ళు మన్నించాలి. ఆ ఫోటోను ఆమె బతికుండగానే వద్దంది. కిందటి కార్పొరేషన్ ఎన్నికల్లో పార్టీవాళ్ళు అదే ఫోటోతో పోస్టర్లు కొట్టించుకొచ్చి చూపిస్తే, "ఈ పిల్ల ఎవరప్పా? బాగుండాది. ఈమెనే నిలబెట్టండి, నేను ఇంట్లో ఉంటాను" అని కట్ట మొత్తం వెనక్కి పంపించింది. చనిపోయిన మనిషికి వెనక్కి పంపే వీలు లేదు కదా, అందుకని మళ్ళీ కట్టారు.

ఆమెను ఎరగనివాళ్ళకు చెప్పాలి. హోసూరు బజారులో ఆమెది బట్టల అంగడి. మామ నడివయసులోనే పోతే అంగడి ఆమె చేతికొచ్చింది. వీధిలో నీళ్ళు రాకపోయినా, పింఛను ఆగినా జనం ఆ అంగడి మెట్టు మీదికే వచ్చి చెప్పుకునేవాళ్ళు కాబట్టి, కొన్నాళ్ళకు వార్డు కౌన్సిలర్ పదవి కూడా ఆ మెట్టెక్కే వచ్చింది. బుగ్గన లవంగం, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, చేతిలో కత్తెర. నాకు గుర్తున్న మనిషి ఈమె.

అంగడిలో ఆమె ఒక పద్ధతి పెట్టింది. ట్యూబులైటు కింద చూసిన గుడ్డను కత్తిరించదు. "బయటికి ఎత్తుకుపో. ఎండలో చూసుకో. అప్పుడు చెప్పు" అంటుంది. గుడ్డ థాను బరువుగా ఉంటే ఒక కొస ఆమె పట్టుకుని రెండో కొస కొనేవాళ్ళ చేతికిచ్చి వీధిలోకి నడిపిస్తుంది. ఒకసారి అంచెట్టి నుంచి తల్లీ కూతుళ్ళు పెళ్ళిచీర కోసం వచ్చారు. ఎర్రచీర నచ్చింది, బేరం కుదిరింది. ఈవిడ ఊరుకోదే! బయటికి పంపింది. వాళ్ళు మెట్టు మీద నిలబడి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎరుపు కాదమ్మా, ఇటుక రంగు" అని మడతపెట్టి ఇచ్చి వెళ్ళిపోయారు.

బావకు ఒళ్ళు మండింది. "అమ్మా, నువ్వు వ్యాపారం చేస్తా ఉండావా, ధర్మసత్రం నడుపుతా ఉండావా?"

"ఊరికి పోయి, పెళ్ళి పందిట్లో చూసుకుని ఏడ్చేదాని కన్నా ఈడ చూసుకుని పోనీరా" అంది. "ఆ అడవి ఊరికి ఉండే బస్సులే అంతంత మాత్రం. మార్చుకునేదానికి మళ్ళా ఎప్పుడు వస్తారు?"

ఇప్పుడు రాజకీయానికి వస్తాను. మన ఎన్నికల్లో నిలబడే పెద్దమనుషులను ఎండలో చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వ్యాను అద్దం వెనకాల ఒక చెయ్యి ఊగుతుంది. మైకు ముందు ఒక చీటీ చదువుతారు. విలేకరి ప్రశ్న అడిగితే పక్కన నిలబడ్డ అల్లుడో, కార్యదర్శో జవాబు చెబుతాడు. ఆయన నడవగలడా, వినగలడా, నిన్న సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఈ రోజు చెప్పగలడా అని అడిగితే, పెద్దల్ని అవమానించావంటారు. వయసు అవమానమని నేను అనలేదు. నా మోకాళ్ళూ అరిగిపోయాయి. దాచిపెట్టడం గురించి మాట్లాడుతున్నాను. ఈ మాట పత్రికల్లో రాసీ రాసీ నా పార్టీలోనే నాకు కుర్చీ వేసేవాళ్ళు కరువయ్యారు.

కార్పొరేషన్ ఎన్నికలు వచ్చినప్పుడు ఆ వార్డుకు పార్టీ దగ్గర వేరే మనిషి లేడు. డెబ్బై దాటిన మా అత్త కాళ్ళ మీద పడినంత పనిచేశారు. అప్పటికే ఆమెకు మరుపు మొదలైంది. గుడ్డ కొలిచి, చేతిలో కత్తెర పెట్టుకుని, "ఎంత అన్నావమ్మా?" అని మళ్ళీ అడిగేది. ఓట్లకు పోయినచోట ఒకామెను ఆమె అత్తగారి పేరుతో పిలిచింది. ఆ అత్తగారు పోయి చాలా కాలం. బావ వద్దని పోరాడాడు. నాతో మాత్రం ఆమె నెమ్మదిగా చెప్పింది: "అప్పుడప్పుడు దారం తెగుతా ఉండాది రా. మళ్ళా దొరుకుతా ఉండాది. దొరికేంతవరకు పని చెయ్యొచ్చు అనుకుంటా ఉండాను. జనాలు ఏమంటారో చూస్తాం."

జనాలు ఏమైనా అనాలంటే వాళ్ళకు తెలియాలి కదా. అక్కడే తగువు పుట్టింది. ఊళ్ళోని కేబుల్ ఛానల్‌వాళ్ళు కల్యాణ మంటపంలో అభ్యర్థుల చర్చ పెట్టి, ఆదివారం పొద్దున లైవ్‌లో చూపిస్తామన్నారు. ముందురోజు పార్టీ కార్యదర్శి అంగడి వెనక గదిలోకి వచ్చాడు. నేనూ ఉన్నాను.

"అమ్మా, మీరు రావద్దు. జ్వరం అని చెప్పేస్తాము" అన్నాడు.

"ఎవరికి?"

"మీకే."

"నాకు జ్వరమని నాకే తెలీదే!"

"మీరు నోరు తెరవకపోతే గెలిచేసినట్టేనమ్మా. మీ మొహం చూసి ఓటేసే వార్డు ఇది. టీవీలో ఒక మాట తడబడితే అంతా పోతుంది. సుమ్నే, ఊరికే ఇంట్లో కూర్చోండి."

అతను చెప్పిన లెక్క తప్పు కాదు. అదే నాకు మంట. నేనూ వెళ్ళొద్దన్నాను, వేరే కారణంతో. టీవీ చర్చ అంటే నాకు అసహ్యం, ఇప్పటికీ. ఎవడి నోరు పెద్దదైతే వాడు గెలుస్తాడు. కాలువ ఎందుకు పొంగుతుందో చెప్పడానికి పావుగంట కావాలి, అక్కడ ఇచ్చేది ఒక నిమిషం. "అది చర్చ కాదత్తా, కోళ్ళ పందెం" అన్నాను.

"కోడి కుంటుతా ఉందో లేదో ఆడే కదా తెలిసేది" అంది. "పేపర్లో నువ్వేమి రాస్తావు? ముసలోళ్ళను అద్దం వెనకాల దాస్తారని కదా? ఇప్పుడు నన్ను ఈ గదిలో దాస్తే అది అద్దం కాదా?"

"నీది వేరు."

"ఎట్ల వేరప్పా? నేను నీ అత్త అయినందుకా?"

కార్యదర్శి నా వంక చూశాడు, నేను గోడ వంక చూశాను.

ఆదివారం మంటపం నిండిపోయింది. ఎదురు అభ్యర్థి నలభై లోపు మనిషి, నీళ్ళ ట్యాంకర్లున్నవాడు. చిన్నప్పుడు వాడి స్కూలు యూనిఫారం గుడ్డ మా అత్త కత్తిరించి ఇచ్చిందే. యాంకరమ్మాయి మొదట అతన్ని అడిగింది: వార్డులో ట్యాంకరు నీళ్ళకు రేటు ఎవరు నిర్ణయిస్తున్నారు? అతను తమిళంలో అభివృద్ధి గురించి, తెలుగులో తల్లిలాంటి హోసూరు గురించి, కన్నడంలో యువశక్తి గురించి చెప్పాడు. రేటు మాట మూడు భాషల్లోనూ రాలేదు. చప్పట్లు పడ్డాయి.

తర్వాత మా అత్తను అడిగింది: వర్షం పడితే మీ వీధి కాలువ ఎందుకు పొంగుతుంది, మీరు కౌన్సిలర్‌గా ఉండి ఏం చేశారు?

"ఆ కాలువ..." అంది అత్త. ఆగిపోయింది.

లవంగం నమలడం కూడా ఆగింది. ముందు వరసలో నా పక్కనున్న కార్యదర్శి కుర్చీ చెయ్యి పట్టుకుని బిగించాడు. నాకు ఆ జవాబు మొత్తం తెలుసు. సగం లేచి, ఒక్క మాట అందిద్దామని పెదవి కదిపాను. ఆమె నన్ను చూసింది. అరచెయ్యి అడ్డం పెట్టి, కూర్చో అన్నట్టు కిందికి ఊపింది. కూర్చున్నాను.

ఎదురు అభ్యర్థి మైకు దగ్గరికి లాక్కున్నాడు. "పాపం, వయసైపోయింది. ఇంటికి పోయి రెస్టు తీసుకో పెద్దమ్మా, మేం చూసుకుంటాము." వెనక వరసల్లో నవ్వులు.

ఆమె కూడా నవ్వింది. "వయసైంది నిజమేనప్పా. నాకు మరుపొచ్చి జవాబు చెప్పలేదు. నీకు మరుపు కూడా లేదే, నువ్వేల చెప్పలేదు?"

మంటపం గొల్లుమంది. ఆమె మాత్రం కెమెరా వైపు తిరిగి, కళ్ళజోడు తీసి, "దారం తెగిందమ్మా. దొరికితే చెప్తాను. దొరక్కపోతే మీరే చూసినారు కదా" అంది.

చర్చ సాగింది. వీధికుక్కల గురించి మూడో అభ్యర్థి ఉత్సాహంగా మాట్లాడుతుండగా మా అత్త ఉన్నట్టుండి చెయ్యెత్తింది. "దొరికింది! ఆ కాలువ మీద కల్వర్టు దగ్గర గోడ కట్టినారు. దాంతో నీళ్ళు తిరగబడతా ఉండాయి. గోడ తీయమని తీర్మానం పెట్టినాను. కౌన్సిల్లో నాతో చెయ్యెత్తినోళ్ళు చాలలేదు. ఓడిపోయినాను. మళ్ళా పెడతాను." అని కుక్కలాయనతో, "ఇంక నువ్వు చెప్పప్పా, కుక్కలు ఏమంటా ఉండాయి?" అంది. ఈసారి నవ్వినవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు.

సాయంత్రానికి ఫోన్లలో తిరిగింది మాత్రం ఆ మౌనం ఒక్కటే. "ఆ కాలువ..." దగ్గర మొదలు, రెస్టు తీసుకో పెద్దమ్మా దగ్గర ముగింపు. వెనక ఏడుపు సంగీతం. ఎవరు కత్తిరించారో తెలియదు. ఓట్లు లెక్కపెట్టిన రోజు ఆమె ఓడిపోయింది.

మర్నాడు అంగడికి పోయి అరిచాను. "చూసినావా అత్తా, నీ వెలుతురు ఏం చేసిందో?"

"వెలుతురు ఏమీ చెయ్యలేదు రా. కత్తెర చేసింది" అంది. గుడ్డ మడతపెడుతూనే ఉంది.

అప్పుడే పక్కవీధిలో టిఫినంగడి నడిపే ఆమె మెట్టెక్కి వచ్చింది. నిలబడే చెప్పింది: "అమ్మా, నేను మొత్తం చూసినాను. మొదట్నుంచి చివరిదాకా. నీకు వెయ్యలేదు. వానికీ వెయ్యలేదు. ఆ కుక్కలాయనకు వేసినాను. నీ మీద కోపం లేదు. నీకు ఇంక అలసటగా ఉండాదని అనిపించింది."

బావ మొహం ఎర్రబడింది. మా అత్త మడత ఆపి ఆమెను చూసింది. నొప్పి తగిలిందని నాకు తెలిసింది. తర్వాత తన స్టూలు తోసి, "కూర్చోమ్మా" అంది. "నువ్వు బయటికి తీసుకపోయి చూసినావు. నచ్చలేదు. అది నీ హక్కు. కాఫీ తాగుతావా?"

ఆ తర్వాత ఆమె ఎన్నికలకు నిలబడలేదు, అంగడికి మాత్రం రావడం మానలేదు. నేను టీవీ చర్చల మీద నా అభిప్రాయం పూర్తిగా మార్చుకోలేదు. అరుపులను అరుపులనే అంటాను. కానీ ఒకటి అడుగుతున్నాను, మా పార్టీనీ, మిగతా పార్టీలనూ. మీ అభ్యర్థిని ఒక పూట వెలుతురులో నిలబెట్టండి. ఎవరూ చెవిలో ఊదకుండా, ఎక్కడా కత్తిరించకుండా. తడబడితే తడబడనివ్వండి. తడబడ్డాక ఏం చేస్తాడో చూడాల్సింది ఓటేసే మేము. దాన్ని కూడా మా దగ్గర్నుంచి లాక్కుంటే మీరు అమ్మేది ట్యూబులైటు కింది గుడ్డే.

ఇదే మాట దహనమయ్యాక కార్యదర్శిని అడిగాను. అసెంబ్లీకి మన పార్టీ పెద్దాయన మళ్ళీ నిలబడతాడట కదా, చర్చకు వస్తాడా అని. "అన్నా, ఈ టైంలో ఆ మాట ఏలన్నా" అని పక్కకు చూశాడు. ఫ్లెక్సీ ఎప్పుడు విప్పుతావని అడిగితే, "అమ్మ ఎంత కళగా ఉందో చూడన్నా" అన్నాడు. ఇద్దరం గొంతు పెంచాం. బావ వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

కర్మ అయిన తర్వాత అంగడి తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. బావ లోపల కొత్త లైట్లు పెట్టించాడు, కళ్ళు చెదిరేంత తెల్లగా. మొదటి బేరానికి వచ్చింది ఆ టిఫినంగడి ఆమే. రవిక గుడ్డ కావాలంది. పచ్చ రంగు థాను చూపించాడు బావ. కొలిచాడు, కత్తెర తీశాడు.

"ఉండప్పా" అందామె. థాను కొస పట్టుకుని మెట్టు దిగి వీధిలోకి నడిచింది. ఇంకా విప్పని ఆ ఫ్లెక్సీకి వీపు పెట్టి నిలబడి, గుడ్డను ఎండలోకి ఎత్తి ఇటు తిప్పింది, అటు తిప్పింది. లోపల బావ రెండో కొస పట్టుకుని, కత్తెర కిందికి దించి, ఆమె ఏమంటుందోనని చూస్తూ నిలబడ్డాడు.