పదకొండు వాటాల పచ్చిక

ఆ ఆదివారం వాన ముదురుతుండగా రోసాందా మొట్టమొదట ఫోన్ చేసింది చనిపోయిన ఒక మనిషికి. అది ఆమె తప్పు కాదు. యావొరిట్సా పురపాలక సంఘం వారి వరద రక్షణ ప్రణాళిక పన్నెండో పేజీలో, సువాయ వాగు ఎగువ కావలిదారుగా స్టానిమిర్ అనే ఆయన పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. ఏటా జనవరిలో ఎవరో ఒకరు పాత ప్రణాళిక తీసి, అట్టమీద సంవత్సరం మార్చి, ముద్రవేసి బీరువాలో పెట్టేస్తూ వచ్చారు.

ఫోన్ ఎత్తింది ఆయన భార్య కొసారా.

"ఆయన పోయి ఆరేళ్ళయింది తల్లీ," అంది. "వాగు సంగతి కావాలంటే నేను చూసొచ్చాను. దుంగలు కొట్టుకొస్తున్నాయి. ముప్పావుగంటలో మీ దగ్గరికొచ్చేస్తుంది. ఒడ్డున ఎవరన్నా ఉంటే లేపు."

రోసాందా ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. పురపాలక సంఘంలో నీళ్ళ వ్యవహారమంతా చూసే ఏకైక మనిషి తను. సైరను మోగించి, ఒడ్డున ఉన్న వీధులన్నీ తిరిగి తలుపులు కొట్టింది. కొసారా చెప్పినట్టే ముప్పావుగంటకి వాగు ఊళ్ళోకి వచ్చింది. ఏడాదిలో పది నెలలు పిల్లలు చెప్పులు తడవకుండా దాటే వాగు రెండు వంతెనలను, ఒక బేకరీని, పద్దెనిమిది కార్లను తీసుకుపోయింది. మనుషులెవరూ పోలేదు. అందరూ ఆ మాటే పదేపదే చెప్పుకుని ఊపిరి పీల్చుకున్నారు.

సోమవారం పొద్దున రోసాందా శిశువిహారానికి వెళ్ళింది. అది వాగు ఒడ్డునే ఉంది. పిల్లలు మధ్యాహ్నం పడుకునే గదిలో ముప్పై రెండు మంచాలు, ఒక్కో మంచానికి ఒక్కో పేరు అతికించి ఉంది. గోడమీద బురద గీత ఎంత ఎత్తున ఉందో కళ్ళకి తెలుస్తూనే ఉంది, అయినా ఆమె జేబులోంచి టేపు తీసి కొలిచింది. అరవై ఒక్క సెంటీమీటర్లు. మంచం ఎత్తు ముప్పై. పుస్తకంలో రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి వేసి, వాటి కింద "నిన్న ఆదివారం" అని రాసుకుంది. ఇంటికెళ్ళాక పధ్నాలుగు నెలల కొడుకు రేల్యాని ఒళ్ళోంచి దించలేకపోయింది. వాడు మరుసటేడు చేరాల్సింది ఆ గదిలోనే.

శిశువిహారాన్ని మార్చడానికి ఊళ్ళో చదును నేల లేదు. అటు కొండ, ఇటు కొండ, మధ్యలో వాగు. కొత్త కట్టడం పదేళ్ళ తర్వాతి మాట. ఊళ్ళో ఒడ్డు పొడుగునా గోడలు కట్టేద్దామని పురపాలక సభలో అందరూ అన్నారు. రోసాందా వేసవంతా ఒక్కతే వాగు వెంట పైదాకా నడిచింది. ఎక్కడ కొండచరియ బోడిగా ఉంది, ఎక్కడ దున్నుడు చాళ్ళు నిలువుగా కిందికి దిగుతున్నాయి, ఎన్ని చోట్ల దుంగలు అడ్డంపడి ఉన్నాయి, అన్నీ గుర్తు పెట్టుకుంది. ఆమె కాలేజీలో చదివింది కొండవాగుల శాస్త్రమే. లెక్క తేలింది. గోడ కడితే నీళ్ళు కింది వంతెన దగ్గర మరింత ఎగదన్నుతాయి. అదే, ఊరికి నాలుగు కిలోమీటర్ల పైన, లోయ కాస్త విచ్చుకున్న చోట లాజ్ అనే పచ్చిక ఉంది. దాని చివర ఒక మట్టికట్ట వేసి, కింద తూము పెడితే మామూలు రోజుల్లో వాగు తన దారిన తను పోతుంది. పెద్ద వాన పడితే తూము పట్టనన్ని నీళ్ళు వెనక్కి తన్ని పచ్చికమీద పరుచుకుని, ఒకరోజంతా మెల్లగా దిగుతాయి.

పచ్చికకి పదకొండుమంది వాటాదార్లున్నారు. పదకొండుమందీ సంతకం పెడితేనే కట్టకి డబ్బిచ్చే ప్రభుత్వ జల సంస్థ ఫైలు తీసుకుంటుంది.

ఆమె పదకొండుమందికీ ముద్రవేసిన నోటీసులు పంపింది. ఒక్కరూ రాలేదు. మళ్ళీ పంపింది. ఒకాయన వచ్చి, నోటీసు బల్లమీద పెట్టి, "ఇది మాకు పొరపాటున వచ్చింది," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి విని కొసారా పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు నవ్వింది. అప్పటికి ప్రణాళిక పన్నెండో పేజీలో స్టానిమిర్ పేరు తీసి, రోసాందా ఆమె పేరే రాయించింది.

"ముద్ర చూస్తే ఎవడొస్తాడే? కోర్టుకనుకున్నారో, పన్నుకనుకున్నారో. వాళ్ళు రావడమేంటి, నువ్వే వెళ్ళాలి. వాళ్ళ స్లావాకి వెళ్ళు."

స్లావా అంటే ఇంటి వేల్పు పండగ. ఒక్కో వంశానికి ఒక్కో పుణ్యపురుషుడు, ఆయన రోజున ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. ఎవర్నీ పిలవరు, వచ్చినవాణ్ణి ఎవర్నీ పంపేయరు. వాటాదార్లలో సగంమంది పట్నాల్లో ఉంటారు, ఆ ఒక్కరోజూ తప్పకుండా ఇంటికొస్తారు.

"కాయితం తీసుకెళ్ళనా పిన్నీ?"

"చస్తే తీసుకెళ్ళకు. మొదటేడు తిను. రెండో ఏడు అడుగు. కాయితం ఇంకోరోజు చూపించు. నీ ఫైల్లో నీళ్ళు ఎంత తొందరపడుతున్నాయో మాకేం తెలుసు, మాకు తెలిసింది నువ్వు మా రొట్టె తిన్నావా లేదా అని."

అలా రోసాందా ఫైలు అక్షరక్రమం పోయి పండగల క్రమంలోకి మారింది. డిసెంబరులో నికోలా ఇళ్ళు మూడు, జనవరిలో యోవాన్ ఇళ్ళు నాలుగు, మే నెలలో జార్జి ఇళ్ళు రెండు. మునిసిపల్ అధ్యక్షుడు ఫైలు తిరగేసి, "ఇది వరద ఫైలా, గుడి కేలండరా?" అన్నాడు. ఆమె ఫైలు తిరిగి తీసుకుంది. మూడేళ్ళలో ఆరు కిలోలు పెరిగింది, తొమ్మిది సంతకాలు వచ్చాయి. అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పలేదు. "పదేళ్ళలో ఏడేళ్ళు ఏమీ కాదు. రెండేళ్ళు గడ్డి తడుస్తుంది. ఒక ఏడాది గడ్డంతా పోతుంది, ఒండ్రు మిగులుతుంది, నష్టం కట్టిస్తాం," అని ఉన్నదున్నట్టు చెప్పింది. వెనకటి ఇంజనీరు ఎవరో ఏమీ కాదని ఒట్టువేసి, వేరే వాగు దగ్గర రెండు తోటలు ముంచాడు. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి, పోయేది పోతుందని చెప్పే మనిషి వాళ్ళకి కొత్త.

మిగిలినవి రెండు సంతకాలు. అన్నదమ్ములు ద్రాగొల్యూబ్, మిలున్. పచ్చిక మధ్యలో బండిదారి గురించి తగువుపడి మాట్లాడుకుని పంతొమ్మిదేళ్ళయింది. ఇద్దరిదీ ఒకే వేల్పు, నవంబరులో వచ్చే మిఖాయిల్ దేవదూత. ఒకే రోజు రెండిళ్ళలో పండగ, మధ్యలో ఒక కంచె.

ఈ ఏడాది పండగకీ సభకీ మధ్య ఎనిమిది రోజులే ఉంది. ఆ సభలో పూర్తి ఫైలు ఆమోదించి పంపకపోతే జల సంస్థ వంతు వేరే ఊరికి పోతుంది, మళ్ళీ నాలుగేళ్ళు ఆగాలి. రేల్యాకి ఇప్పుడు ఐదేళ్ళు దాటాయి. వాడు వచ్చే వేసవితో బడికి మారిపోతాడు. "నీకింకెందుకు బెంగ, నీవాడు బయటపడ్డాడుగా," అని ఆఫీసులో ఎవరో అన్నారు. ఆ మాటకి ఆమె రెండు రోజులు వాళ్ళతో కాఫీ తాగలేదు. వాడు లేస్తే ఖాళీ అయ్యే మంచంలో ఇంకొకరు పడుకుంటారు కదా.

ముందు మిలున్ ఇంటికి వెళ్ళింది.

"పండగ శుభంగా జరగాలి బాబాయ్."

"రా ఇంజనీరమ్మా, రా. కూర్చో. మా ఇంట్లో గోధుమలుండవు, ముందే చెప్తున్నా. దేవదూత బతికున్నవాడు, పోయినవాళ్ళకి పెట్టే ఉడికించిన గోధుమలు ఆయనకి ఎవరన్నా పెడతారా? మా అన్న పెడతాడు. ఆయన బతికున్నవాళ్ళకి కూడా పెడతాడు."

క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, కాల్చిన పంది, మూడు రకాల కేకులు అయ్యాక ఆమె సంగతి ఎత్తింది.

"పెడతాను," అన్నాడు మిలున్. "పెద్దవాడు ముందు పెట్టనీ. అయినా ఆయన వాటా మెరక. నీళ్ళన్నీ నా దాంట్లోకే వస్తాయి. అందుకే ఆయనకి తొందర లేదు."

కంచె దాటి ద్రాగొల్యూబ్ ఇంటికి వెళ్ళింది. అక్కడా అంతే తినాలి, లేకపోతే తమ్ముడింట్లో ఎక్కువ తిన్నావంటారు. ఇంటావిడ చల్లగా అడిగింది: "వాళ్ళింట్లో పంది సరిగ్గా కాలిందా?"

"నేను పళ్ళెంలోదే చూశాను పిన్నీ, పొయ్యి చూడలేదు," అంది రోసాందా.

ద్రాగొల్యూబ్ ఆల్‌బుఖారా పండ్ల సారా పోస్తూ తల అడ్డంగా ఊపాడు. "వాడు ముందు పెట్టాలి. తగువు మొదలెట్టింది వాడు. పైగా వాడి వాటా మెరక, తెలీదా నీకు? మునిగేది నాది."

ఇద్దరూ ఒకే మాట అన్నారు. రోసాందాకి ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆకలి పోయి ఆలోచన వచ్చింది. ఇది తగువు కాదు, కొలత. కొలతైతే తేల్చవచ్చు. కానీ తను కొలిచి చెబితే ఎవరు నమ్ముతారు?

మర్నాడు పండగ రెండో రోజు. మిగిలినవి తినడానికి దగ్గరివాళ్ళు మాత్రమే వస్తారు. ఆమె తొమ్మిదింటికి పాత నీవా జీపు పచ్చిక గట్టున ఆపి, మూడు కాళ్ళమీద ఎత్తుపల్లాలు కొలిచే మునిసిపాలిటీ వారి లెవెల్ యంత్రం నిలబెట్టింది. ఇద్దరికీ విడివిడిగా ఒకే కబురు పంపింది: "గంటసేపు సాయం కావాలి. మీ తమ్ముడి నేల మీరు కొలవాలి." "మీ అన్న నేల మీరు కొలవాలి." ఎదుటివాడి నేల తను కొలిచే అవకాశం వదులుకునేంత మంచివాడు వాళ్ళలో ఎవరూ లేడు. ఇద్దరూ పండగ కోట్లమీదే వచ్చారు, ఒకరివైపు ఒకరు చూడకుండా.

ముందు ద్రాగొల్యూబ్‌ని అంకెల కర్ర పట్టుకుని సొంత వాటాలో నిలబెట్టింది. మిలున్ కన్ను యంత్రానికి ఆనించాడు. అది పాతకాలం యంత్రం, అవతలివాణ్ణి తలకిందులుగా చూపిస్తుంది.

"మా అన్న తలకిందులుగా ఉన్నాడు," అన్నాడు మిలున్. కాసేపు కన్ను తీయలేదు. "పంతొమ్మిదేళ్ళకి సరిగ్గా కనిపించాడు."

"అంకె చెప్పండి బాబాయ్."

"ఒకటి నలభై మూడు."

తర్వాత తారుమారు. మిలున్ కర్రతో తన వాటాలో నిలబడ్డాడు, ద్రాగొల్యూబ్ కన్ను ఆనించాడు. "వీడు గాల్లో వేలాడుతున్నాడేంటి," అని గొణిగి, అంకె గట్టిగా చదివాడు. "ఒకటి యాభై నాలుగు."

అలా పన్నెండు చోట్ల కొలిచారు. ప్రతి అంకె ఒకరు గట్టిగా చదివారు, ఇద్దరూ వేరువేరు కాగితాలమీద రాసుకున్నారు. లెక్క తేలాక రోసాందా ఇంకోసారి కూడి చూసింది. అంకె ఎంత పెద్దదైతే నేల అంత పల్లం; మిలున్ నేల సగటున పదకొండు సెంటీమీటర్లు పల్లం. అంటే అతని అనుమానమే నిజం. ఇక అతను పెట్టడు. సభకి ఏడు రోజులుంది. సగటు వాళ్ళింకా కట్టలేదు, పదకొండుని నాలుగు చేయడం ఎంత పని. ఆమె కాగితం తిప్పి ఇద్దరికీ చూపించింది.

"మిలున్ బాబాయ్ వాటా అరజానెడు పల్లం. నీళ్ళు ముందు అక్కడికే వస్తాయి, అక్కణ్ణించే ఆఖర్న పోతాయి."

దూరంగా మంచు ముసిరిన కొండలు. ద్రాగొల్యూబ్ తన కాగితంలో అంకెలు మళ్ళీ కూడుకున్నాడు. కుదిరాయి.

మిలున్ కోటు జేబులో చేతులు పెట్టుకుని అన్న వైపు తిరిగాడు. "విన్నావా? నాదే ఎక్కువ మునుగుతుంది. కింద ఊళ్ళో పిల్లల్ని కాపాడేది నా వాటా. నీది ఊరికే పక్కన తడుస్తుంది."

"ఏంట్రా ఊరికే తడిసేది?"

"అంకె నువ్వే చదివావుగా." మిలున్ ఆమె దగ్గర సంతకాల కాగితం తీసుకుని జీపు బానెట్ మీద పరిచాడు. "ఎక్కడ పెట్టాలి ఇంజనీరమ్మా? నాది ఎక్కువ, కాబట్టి నాది ముందు."

సంతకం పెట్టాడు. పెద్ద అక్షరాలతో, మిగతా తొమ్మిదింటికంటే పెద్దగా. ద్రాగొల్యూబ్ నిమిషంసేపు కర్రకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత వచ్చి కలం లాక్కున్నాడు.

"రాయమ్మా, నా వాటాలో బండిదారి కూడా మునుగుతుందని రాయి. అది వీడి లెక్కలో లేదు."

"రాస్తాను బాబాయ్," అంది రోసాందా. బండిదారి సంగతి అక్కడే రాసి, కాగితం మడవకుండా అలాగే సంచిలో పెట్టుకుంది.

సభలో అధ్యక్షుడు పదకొండు పేర్లూ చదివాడు, చేతులు లేచాయి. కట్ట పూర్తవడానికి రెండు వేసవులు పట్టింది. ఈలోగా బోడి చరియలమీద మొక్కలు, పైన చిన్న రాతి అడ్డుకట్టలు, నిలువు చాళ్ళని అడ్డంగా మార్పించడం, ఇవన్నీ కూడా ఆమె ప్రణాళికలో పేజీ పేజీగా చేరాయి. ఇప్పుడు ప్రతి జనవరిలో ఆమె ప్రతి నంబరుకీ ఫోన్ చేసి, ఎత్తినవాళ్ళు బతికున్నవాళ్ళేనని తేల్చుకున్నాకే ముద్రవేస్తుంది.

తొలి పెద్ద వాన ఒక జూన్ మంగళవారం మధ్యాహ్నం పడింది. ఒంటిగంటన్నరకి కొసారా ఫోన్ చేసింది. "పచ్చిక నిండింది. కట్టమీద అంకెలబోర్డు మీద రెండు మీటర్లూ పది. తూము బుసకొడుతోంది, కట్ట చెమర్చలేదు. నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు పిన్నీ. పదినిమిషాలకోసారి చదివి చెప్పండి."

రోసాందా కిటికీ దగ్గర నిలబడి, కొసారా చెప్పిన ప్రతి అంకె రాసుకుంది. రెండూ పదిహేను. రెండూ ఇరవై. రెండూ ఇరవై. రెండూ పద్దెనిమిది. కింద వాగు మట్టిరంగులో బలంగా పారింది కానీ మెట్లు దాటలేదు. నాలుగింటికి తల్లులు గొడుగులతో శిశువిహారం గేటు దగ్గరికి వచ్చారు. నిద్ర లేచిన పిల్లలు ముఖాలమీద దిండు ముడతలతో బయటికొచ్చారు.

అధ్యక్షుడు ఆమె గదిలోకి తొంగిచూశాడు. "పైన ఏమన్నా గట్టిగా పడిందా?"

"పడింది," అంది రోసాందా, కాగితంలోంచి తల ఎత్తకుండా.