వంకాయ రంగు బావి

మా ఊరి బావిలో విషం కలిపినవాణ్ని పట్టుకోవడానికి పెట్టిన గాలింపుకు నాయకుణ్ని నేనే. ఆ బావిలో కలిపిందీ నేనే. ఈ రెండు పదవులూ ఒకే పొద్దున ఒకే మనిషికి దక్కడం జనగామ తాలూకాలో అదొక్కసారే అయి ఉంటుంది. కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరు ఊరంతా బావి చుట్టూ నిలబడింది. నేను కుడిచేతికి రుమాలు చుట్టుకుని, ఒక్కొక్కరి అరచేతులు తిప్పి చూస్తున్నాను, పెండ్లిచూపుల్లో పిల్లను చూసేవాడిలాగా. ఇంత ఘోరం ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. దాచడం వల్లనే అది జరిగింది కనుక.

అవి దొరల మీద ఊళ్లు తిరగబడిన సంఘం రోజులు. రఘునాథపల్లికి నడిచిపోయేంత దూరంలో మా ఊరు. దొర అప్పటికే గడీకి తాళం వేసి పట్నం చేరాడు. నాకు పందొమ్మిదేళ్లు. సంఘం దళానికి రెండు మూడుసార్లు చీటీలు అందజేశాను. దాంతో నాకు రహస్యం అనే జబ్బు పట్టుకుంది. మా అమ్మ బువ్వ తింటావా అని అడిగినా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి జవాబు చెప్పేవాణ్ని. ఏం కూర అని నేను అడగడం కూడా సైగలతోనే.

ఆ ఏడు తొలకరి పడి వాగు పారడం మొదలైన రోజుల్లోనే, ఎగువనున్న ఊళ్లో గత్తర లేచింది. కలరాను మా వైపు అలాగే అంటారు. ఆ ఊరివాళ్లు రోగుల బట్టలు ఉతికేది వాగులోనే. ఆ నీళ్లు దిగువన మా ఊరి పక్కనుంచి పోతాయి. మా ఊళ్లో ఇంకా ఎవరికీ సోకలేదు. సోకకుండా చూడటానికి నడుం కట్టింది లచ్చవ్వ. ఆమె మంత్రసాని. సగం ఊరిని తన చేతుల మీదుగా భూమ్మీదికి దించింది కాబట్టి, మీసాలు నెరిసినవాణ్ని కూడా కొడుకా అనే పిలిచేది. వాగు నీళ్లు ముట్టొద్దు, బావి నీళ్లయినా కాచి తాగాలి, బూడిదతో చేతులు కడగాలి, ఏ ఇంట్లో మనిషి పడిపోయినా ఇరుగుపొరుగు వంతులవారీగా ఉప్పు వేసిన గంజి కాచి గడప ముందు పెట్టాలి, లోపలికి మాత్రం తానే పోవాలి. ఇవీ ఆమె చట్టాలు. దొర చెబితే గొణిగిన ఊరు, లచ్చవ్వ చెబితే నోరు మెదపలేదు.

సంఘం పెద్ద మల్లయ్యన్న బావిలో వేసే మందు తెమ్మని నన్ను జనగామ పంపాడు. అక్కడి కాంపౌండరు సీసా నిండా నల్లటి పలుకులు ఇచ్చి రెండే ముక్కలు చెప్పాడు. "చిటికెడు ఏస్తె నీళ్లు ఉల్లిపొర రంగుకొస్తయి, అంతే సాలు. ఊరోళ్లకు చెప్పి ఎయ్యి."

రెండు ముక్కల్లో ఒక్కటైనా పాటించి ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. దారి పొడవునా ఆలోచించాను. చిటికెడుకు గత్తర బెదిరితే, సీసాడుకు చచ్చి ఊరుకోదా? ఇక ఊరికి చెప్పడమా? చీటీలు మోసినవాణ్ని, నోరు జారడమా? రాత్రి ఊరు చేరి, మందు ఇంకా దొరకలేదని మల్లయ్యన్నకే చెప్పాను. మర్నాడు తెల్లవారుతుండగా, ఆడవాళ్లు కడవలతో రాకముందే, సీసా మొత్తం బావిలోకి వంచాను. అడుగున అంటుకున్న పలుకులను తడివేళ్లతో గీకి మరీ వేశాను. ఊరిని కాపాడిన వీరుడిలా ఇంటికి పోయి పడుకున్నాను.

గోల వినిపించి లేచాను. బావి నీళ్లు ఉల్లిపొర రంగులో లేవు. నవనవలాడే వంకాయ రంగులో ఉన్నాయి. చేదబొక్కెన పైకి రాగానే ఒకామె కడవ వదిలేసి వెనక్కి ఉరికిందట. దొర మనుషులు విషం కలిపారన్న మాట నేను ముఖం కడిగేలోపే ఊరు చుట్టి వచ్చింది. ముఖం కడిగేటప్పుడే చూసుకున్నాను, నా కుడిచేయి వేళ్లన్నీ గోధుమరంగుకు తిరిగాయి. ఎంత తోమినా పోలేదు. రుమాలు చుట్టుకుని బయటికి వచ్చానో లేదో మల్లయ్యన్న ఎదురుపడ్డాడు.

"విషం ముట్టినోని చేతికి మరక పడకుంట ఉండదు. నువ్వు నమ్మకమైనోనివి తమ్మీ, అందరి చేతులు నువ్వే చూడు."

అప్పుడే చెప్పేయవచ్చు కదా అంటారు మీరు. చుట్టూ ఉన్న వడిసెలలు మీరు చూడలేదు. అందుకే అందరి చేతులూ చూశాను. రైతుల చేతులు, కుమ్మరి చేతులు, ముసలివాళ్ల వణికే చేతులు, అన్నీ గంభీరంగా చూసి తలూపాను. ఆడవాళ్ల వరస సగంలోనే అయిపోయింది. మిగతావాళ్లేరని అడిగాను. నీళ్లకు వాగుకు పోయారని ఎవరో చెప్పారు.

ఊరంతా ఏ నీళ్లు ముట్టకూడదని లచ్చవ్వ ఇన్నాళ్లు కాపలా కాసిందో, ఆ నీళ్ల దగ్గరికే ఆడవాళ్లను నేను తోలేశాను. లచ్చవ్వ నెమ్మదిగా నా ముందుకు వచ్చింది.

"అందరియి చూసినవు. నీయి ఎవలు చూసిండ్రు?" అని రుమాలు విప్పింది. నా వేళ్ల వంక కాసేపు చూసింది. "చేతులు మంచిగ పండినయి గద. పెండ్లెప్పుడు కొడుకా?"

నాకు ఏడుపు వచ్చింది. "అవ్వా, విషం కాదు, మందు. సీసాడు ఏసిన," అన్నాను. మల్లయ్యన్న కర్ర ఎత్తాడు. లచ్చవ్వ దాన్ని అడ్డుకుని, "కొట్టుడు తర్వాత. ముందు వాగు కాడికి ఉరుకు," అంది.

ఉరికాను. మరక పడిన చేయి ఎత్తి చూపిస్తూ, కడవలు పారబోయమని బతిమాలుతూ గట్టంతా తిరిగాను. కొందరు పారబోశారు, కొందరు విషం కలిపింది నేనేనని తరిమారు. వెనుక నుంచి లచ్చవ్వ కడవెడు బావి నీళ్లతో చేరింది. దూరంగా పొలంలో ఉన్న మోటబావి నుంచి రెండు కాగుల తేట నీళ్లు మోయించింది. వాటిలో మన వంకాయ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, సరిగ్గా ఉల్లిపొర రంగు రాగానే ఆపింది. అందరూ చూస్తుండగా చెంబెడు ముంచుకుని తాగింది. మూతి తుడుచుకుని, "ఈడు పెట్టిన విషం గింతే," అంది. ఆ తర్వాతే ఆడవాళ్ల కడవలు ఒరిగాయి.

నేను పాడుచేసిన బావి లచ్చవ్వ చేతిలో మందుల కొట్టయింది. పక్క తండాలవాళ్లు సైతం చెంబుల్లో ఆ నీళ్లు తీసుకుపోయి తమ కాగుల్లో కలుపుకున్నారు. సీసా సంగతి తెలిసిన కాంపౌండరు నన్ను కళ్లారా చూడాలని కబురు పంపాడట. నేను పోలేదు.

సంఘం నాకు శిక్ష వేసింది. ఇల్లిల్లూ తిరిగి, వేళ్లు చూపించి, నేను చేసిన పని నా నోటితోనే చెప్పాలి. చెప్పాక చేతులు ఎలా కడగాలో, నీళ్లు ఎలా కాచాలో లచ్చవ్వ చెప్పేది. నన్ను చూసి నవ్విన ఇల్లు ఆమె మాట మరిచిపోలేదు. ప్రతి గడపలోనూ పెండ్లెప్పుడనే అడిగారు. మరక పోవడానికి పది రోజులు పట్టింది.

ఆ పదో రోజున నిష్ఠగా ప్రమాణం చేశాను. నలుగురికి చాటకుండా నా చేత్తో ఏ నీళ్లలోనూ ఏమీ వేయనని. ఇప్పటికీ చాయలో చక్కెర వేసుకునే ముందు ఇంట్లో వాళ్లందరినీ పిలిచి చెబుతాను. మా ఆవిడ మాత్రం, చెంచా తన చేతిలోకి తీసుకున్నాకే వింటుంది.

ఆ పొద్దున నేను చేరేలోపు వాగు నీళ్లు దోసిళ్లతో తాగినవాళ్లలో సోమయ్య అనే పాలేరు ఒకడు. మూడో రోజు అతనికి గత్తర పట్టింది. ఊళ్లో అతనొక్కడికే. లచ్చవ్వ అతని పక్కనే కూర్చుని, పొరుగిళ్ల గంజి చెంచాలతో పోసి బతికించింది. అంతకు ముందురోజు కూడా చేనులో దప్పికై అవే నీళ్లు తాగానని సోమయ్య తర్వాత చెప్పాడు. నిజంగా తాగాడో, నా ముఖం చూసి ఆ మాట అన్నాడో నాకు తెలియదు.