ఒక్క చెంచా ఉప్పు

ములకలపల్లి దగ్గర అడవి అంచున ఉన్న మా ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. ఒంటరిగా ఉండే ముత్తమ్మవ్వకు మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదు. ఈ రోజు చూస్తే మళ్లీ ఎక్కువే. నాకు కోపం వచ్చింది.

"ఉప్పు తగ్గించమన్న గదా అవ్వా?"

"నువ్వు చెప్పినట్టే రోజుకు ఒక్క చెంచానే ఏస్తున్న బిడ్డా, ఒట్టు!"

"ఏదీ, ఆ చెంచా చూపియ్యి."

అన్నం తినే పెద్ద చెంచా తెచ్చింది. ఎలా తీస్తావంటే కుప్పగా ఎత్తి చూపించింది. ఆ ఉప్పును కాగితంలో పోయించుకుని, పక్కనున్న కిరాణా కొట్టు కాంటా మీద పెట్టాను. ఇరవై గ్రాములు! నేను అనుకున్నది ఐదు.

వెంట వచ్చిన అవ్వ నా ముఖం చూసి బెదిరిపోయింది. "ఏంది బిడ్డా, తప్పు చేసిన్నా?"

"నీ తప్పు కాదవ్వా, నాదే."

దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న చెంచా ఇచ్చి, అంచుకు సమంగా తీయడం నేర్పాను.

ఇంటికొచ్చినా కుదురు లేదు. బీపీ ఉన్న ప్రతి ఇంట్లోనూ "ఒక్క చెంచా" అనే చెప్పాను, ఏ ఇంట్లోనూ ఆ చెంచా చూడలేదు. మా ఇంటిది తూచే ధైర్యం ఇంకా రాలేదు. మీ ఇంటిది ఎంత తూగుతుందో చూసి చెబుతారా?