రెండు తలపాగాల కూర్మయ్య

పొద్దున్నే సముద్రానికి దణ్ణం పెట్టి, శ్రీకూర్మం వైపు తిరిగి స్వామికి ఇంకోటి పెట్టి, ఆ తర్వాత కూర్మయ్య చచ్చిపోయేవాడు. మూడేళ్లుగా రోజూ అంతే. ఒడ్డున చేపలు కొనడానికొచ్చినవాళ్లు "ఒక్కసారి సచ్చిపో మావా" అనడమే ఆలస్యం, గుండె పట్టుకుని, "మారాజుకీ జై!" అంటూ ఇసకలో వెల్లకిలా పడేవాడు. భార్య బుల్లమ్మ నెత్తిమీది చేపలబుట్ట దించి, ఆయన వీపున ఇసక దులిపి, మళ్లీ బుట్ట ఎత్తుకునేది. విసుక్కోగా నేనెప్పుడూ చూడలేదు.

మూడేళ్ల కిందట రాజుల సినిమా వాళ్లు మా ఒడ్డున యుద్ధం తీశారు. ఊళ్లో నలభై మందికి సైనికుల వేషాలిచ్చారు. తీరా హాల్లో చూస్తే కనపడింది ఒక్క కూర్మయ్యే. రాజుకి అడ్డంపడి బాణం తిని పోయాడు. అంత ముచ్చటగా మా ఊళ్లో నిజంగా పోయినవాళ్లు కూడా పోలేదు. అప్పటినుంచి అమ్మవారి ఊరేగింపులో ముందు కత్తి పట్టుకు నడిచే మర్యాద ఆయనదే అయింది.

బుల్లమ్మ తమ్ముడు కొండబాబుకి అదే కడుపుమంట. అతనూ నాలుగు రోజులు యుద్ధం చేశాడు. సినిమాలో వెంట్రుకైనా కనపడలేదు.

ఈ ఏడు అమ్మవారి పండగకి వారం ముందు, దర్శకుడు అప్పట్లో కోసేసిన నలభై నిమిషాలూ తిరిగి అతికించి, డైరెక్టర్స్ కట్ అని ఫోన్లలోకి వదిలాడు. చిన్నతల్లి టీకొట్టులో పదిమంది ఒకే ఫోను మీద వాలి చూశారు. సగంలో నీలం తలపాగా శత్రువొకడు వెనకనుంచి వచ్చి రాజుగారి బంటుని బల్లెంతో పొడిచాడు. పొడిచినవాడు కూర్మయ్య. పోయినవాడు కొండబాబు.

"ఓర్నాయనో! రాజు మనిషిని ఏసేసి, ఆనక రాజు కోసం ఎలాగ సచ్చావు మావా?" అంది చిన్నతల్లి.

"ఏటి సేస్తానే? పొద్దుట ఎర్ర తలపాగా ఇచ్చారు. బువ్వ తిన్నాక నీలంది పెట్టారు. శత్రువులు తక్కువొచ్చారంట!"

కొండబాబు మాత్రం కొత్త లుంగీ కట్టి ఊరంతా తిరిగాడు. "పదకొండు సెకన్లు సచ్చాను, సూసారా?"

పండగ పెద్ద నారాయణమూర్తి మొహమాటపడుతూనే వచ్చాడు. "సొంత బామ్మర్దిని ఎనకనుంచి పొడిసినోడి సేత అమ్మోరి కత్తి ఎలాగ పట్టిస్తాం, కూర్మయ్యా?"

అమ్మవారు సినిమా చూసి ఉండదని నా నమ్మకం. చూసినా, తలపాగా రంగుని బట్టి మనుషుల్ని తూచే తల్లి కాదు.

మర్నాడు ఒడ్డున కూర్మయ్య చచ్చిపోలేదు. బుల్లమ్మ బుట్ట దించి, ఇసకంటని వీపునే దులిపింది.

ఆ సాయంత్రం ఆయన కొండబాబు ఇంటికెళ్లాడు.

"ఒరే కొండా, ఒక సాయం సెయ్యరా. రేపు ఒడ్డున అందరి ముందర నన్ను సంపేయ్. పగ తీరిపోనాదని మూర్తికి నువ్వే సెప్పు. కత్తి మళ్లీ ఇస్తాడేమో."

"బల్లెం ఎక్కడిది బావా?"

"తెడ్డు సాల్దేటి? కాపోతే ముందునుంచే పొడవరా. ఎనకనుంచి పొడిసేవంటే, రేపట్నుంచి నీకూ ఇదే గోల."