ఆర్విల్ బావ ఊదా గీత

ఆ ఆదివారం చర్చిలో ఆఖరి కీర్తనకి అందరూ లేచి నిలబడేసరికి, పాస్టరుగారి భార్య మీగడరంగు గౌను వెనక ఊదారంగు నిలువు గీత ఒకటి కనిపించింది. ఆవిడ కూర్చున్న చోట అంతకుముందే ఆర్విల్ స్టిన్నెట్ కూర్చుని లేచాడు. అతని వెనక జేబులో తడి ఆరని రంగు కుంచె ఉంది. అమెరికాలోని ఆ మిజూరీ రాష్ట్రంలో చెట్టుకి ఊదా గీత ఉందంటే ‘సొంత నేల, అడగకుండా అడుగు పెట్టొద్దు’ అని అర్థం. అలా రాసి పెట్టిన బోర్డుకి ఉన్నంత విలువ చట్టంలో దానికీ ఉంది. ఆ లెక్కన ఆవిడ ఇంటికెళ్లి బట్టలు మార్చుకునేదాకా ఆర్విల్ పొలిమేరే. కీర్తన మాత్రం ఎవరూ ఆపలేదు.

ఆర్విల్‌కి ఉన్న పిచ్చి ఆ గీత ఒక్కటే. తన అడవి చుట్టూ ప్రతి చెట్టుకీ గీశాడు. చెట్లయ్యాక కంచె గుంజలకీ, తపాలా పెట్టెకీ, వరండా స్తంభానికీ గీశాడు. ఆ స్తంభానికి ఆనుకుని పడుకున్న కుక్కకి పొట్ట మీద చార పడితే, పక్కిళ్ల కుక్కలు దాని జోలికి రావడం మానేశాయి. కొట్టం నిండా రంగు డబ్బాలే కావడంతో ఆవు బయట చూరు కింద నిలబడేది.

“పెళ్లినాడు నాకు ఉంగరం తొడిగాడు. అప్పటికింకా ఈ రంగు దొరకలేదు గనక సరిపోయింది” అనేది భార్య వెల్డా.

వెల్డా తమ్ముడు లాయిడ్‌కి గీతల మీద నమ్మకం లేదు. అతని నమ్మకమంతా కెమెరాల మీద. వేట రోజుల ముందు ఒకటి చెట్టుకి కట్టేస్తే, వచ్చేపోయే జింకలన్నిటినీ అదే ఫొటో తీసి పెడుతుంది.

“బావా, దొంగ గీత చూసి ఆగుతాడా?”

“ఆగమని కాదురా గీసింది. చెప్పకుండా ఒకణ్ణి తప్పుపట్టడం నాకిష్టం లేదు. గీసి చెప్పాం, తర్వాత వాడి ఇష్టం.”

ఆ ఏడాది ఆర్విల్ అడవిలో కొండ శిఖరం మీద, కాయల కోసం జింకలు చేరే పెద్ద ఓక్ చెట్టుకి లాయిడ్ కట్టిన కొత్త కెమెరా మాయమైంది. అతను ఊరుకునే రకం కాదు. ఇంకో కెమెరాని ఎదుటి చెట్టు మీద ఎత్తుగా కట్టాడు. వారం తిరక్కుండానే అందులో మనిషి పడ్డాడు. ఓక్ చెట్టు కింద తుపాకీతో కూర్చున్నవాడు పక్క లోయలో ఉండే హార్లన్ ప్రూయిట్. రంపపు మిల్లులో కాలి మీద దుంగ పడి, కాలు కుంటిదై, పని కూడా పోగొట్టుకున్న మనిషి.

లాయిడ్ ఆ ఫొటో తెచ్చి అక్క వంటింటి బల్ల మీద పెట్టాడు. “చూడు బావా! నీ గీతకి టోపీ తీసి దండం పెట్టి మరీ లోపలికి వచ్చుంటాడు!”

ఆర్విల్ ఫొటోని వెలుతురుకి తిప్పి చూశాడు. “ఆ కుంటికాలితో అంత ఎత్తు ఎలా ఎక్కాడ్రా?”

“అదా నీ బాధ? నా కెమెరా పట్టుకుపోయాడు మహాప్రభో!”

“తనని ఫొటో తీసిందని భయపడి విప్పుకుపోయుంటాడు.”

“ఆ భయమేదో ఆఫీసరమ్మకే చెప్పుకుంటాడులే. వేట తనిఖీకి తిరిగే టాకెట్ మేడమ్‌ని రేపు పొద్దున రమ్మన్నాను.”

మొక్కజొన్న రొట్టె కోస్తున్న వెల్డా చెయ్యి ఆగింది. “వస్తే ఏం చేస్తుంది?”

“లైసెన్సు లాగేస్తుంది. తుపాకీ కూడా.”

“మరి వాడి పిల్లలు చలికాలమంతా ఏం తింటార్రా? వాళ్లింట్లో మాంసమంటే హార్లన్ కొట్టిన జింకేగా!”

“నన్నడుగుతావేం అక్కా? నేనా వాణ్ణి దొంగతనానికి పంపింది?” అన్నాడు లాయిడ్. అన్నాడే గానీ, రొట్టె రెండో ముక్క అడగడానికి మొహం చెల్లలేదు.

ఆర్విల్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. గడ్డం ఊదారంగైంది. “కేసు నిలబడాలంటే వాడు గీత దాటి ఉండాలి కదరా?”

“దాటాడుగా! ఓక్ చెట్టు గీతకి ఎంత లోపలుందీ!”

“అవునవును” అంటూ ఆర్విల్ బెల్లంపాకం గిన్నె ఇటు జరపమన్నాడు. బావ దారిలోకి వచ్చాడని లాయిడ్ మురిసిపోయాడు.

పొద్దున్నే ఆఫీసరమ్మ రాగానే, బావా బావమరిదీ ఆవిడతో కలిసి కొండెక్కారు. ఆర్విల్ మోచేతులదాకా ఊదారంగుతో ఆవలిస్తూ వెనక నడిచాడు. అతని ఒంటి మీద రంగు చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. టాకెట్ మేడమ్‌కి లాయిడ్ దారి పొడుగునా నేరం వర్ణిస్తూ వచ్చి, శిఖరం చేరగానే మాట మింగేశాడు.

నిన్నటిదాకా తిన్నగా పోయిన గీత ఓక్ చెట్టు దగ్గరికి వచ్చేసరికి గర్భిణి పొట్టలా ఆర్విల్ నేల లోపలికి ఉబ్బి, చెట్టుకి ఇవతలగా చుట్టి పోయి, మళ్లీ దారిలో పడింది. అవతల పాత గీతలున్న చెట్ల మొదళ్లకి బురద దట్టంగా మెత్తి ఉంది. ఇప్పుడు ఓక్ చెట్టూ, దాని కింద కూర్చునే రాయీ, రాలిన కాయలన్నీ గీతకి అవతలే. చెట్టుకి లాయిడ్ కెమెరా బుద్ధిగా వేలాడుతోంది. దాని పట్టీ నిండా ఊదారంగు వేలిముద్రలు.

ఆఫీసరమ్మ ఒక గీతని ముట్టుకుని వేలు చూసుకుంది. “తడిగా ఉందే!”

“ఇక్కడ మంచు ఎక్కువ ఆఫీసరమ్మా” అన్నాడు ఆర్విల్. “ఎప్పుడు గీసినా ఒక పట్టాన ఆరి చావదు.”

“పోయిన కెమెరా ఇదేనా?” అని ఆవిడ లాయిడ్‌ని అడిగింది.

“ఇదే, కానీ...”

“అయితే పోలేదన్నమాట.” ఫొటోనీ చెట్టునీ మార్చి మార్చి చూసింది. “ఇతను కూర్చున్న చోటు గీతకి అవతలుంది. రావద్దని ఇతనికెవరూ చెప్పనట్టే. నేల గలాయన మీరేగా, మీకేమైనా ఫిర్యాదుందా?”

“అబ్బే, నాకేముంటుంది?” అన్నాడు ఆర్విల్.

లాయిడ్ నోరు తెరిచాడు. ఎందుకో అక్క కోస్తూ ఆపేసిన రొట్టె గుర్తొచ్చి మూసేశాడు.

ఆ వారంలోనే శిఖరం మీద తుపాకీ ఒక్కసారి పేలింది. మర్నాడు హార్లన్ కుంటుకుంటూ వరండాలోకి వచ్చి, కాగితంలో చుట్టిన జింక తొడ వెల్డాకి ఇచ్చాడు. “లాయిడన్నా, ఆ కెమెరా సంగతి...” అని నేల చూపులు చూశాడు.

“ఏ కెమెరా?” అన్నాడు లాయిడ్ చిరాగ్గా. “నాది నా దగ్గరే ఉంది. కూర్చో, కాఫీ తాగు. ఆ స్తంభానికి మాత్రం ఆనుకోకు!”

చెప్పేలోపే ఆనుకున్నాడు. కోటు వెనక గీతతోనే ఇంటికెళ్లాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర జింక మాంసం కూర రెండు పళ్లేలు లాగించాక గానీ లాయిడ్‌కి కోపం గుర్తుకురాలేదు. “అంతా బానే ఉంది బావా, కొండ మొత్తానికి మంచి చోటు అవతల వదిలేశావ్! ఇన్నేళ్లుగా తిన్నగా ఉన్న గీత అక్కడే వంకరపోవాలా?”

ఆర్విల్ కొట్టంలో పట్టక వంటింట్లోకి చేరిన నిండు రంగు డబ్బాల వరసని కాలితో పక్కకి నెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏం చెయ్యమంటావురా, రంగు చాల్లేదు.”