బుల్లబ్బాయి గారి ముప్పై చెట్లు

లస్కరు బుల్లబ్బాయి గారికి రూపాయి రూపాయిలా కనపడేది కాదండి, కొబ్బరిమొక్కలా కనపడేది. లస్కరంటే ఏం లేదు, కాలవగట్లు చూసుకునే గవర్నమెంటు మనిషి. ముమ్మిడివరం పక్కన ముప్పయ్యేళ్ళు గట్లమ్మటే తిరిగేరు. ఎవరేది కొనమన్నా మొక్కల్లో లెక్కేసేవారు.

పెళ్ళైన కొత్తల్లో భార్య అప్పాయమ్మ అమలాపురంలో సినిమాకెళ్దామంది.

"రెండు టికెట్లంటే ఓ మొక్కే! మూడు గంటల బొమ్మకి అరవయ్యేళ్ళు కాసే చెట్టిచ్చేస్తామా?"

పన్ను నెప్పని ఏడిస్తే, "డాక్టరు రెండు మొక్కలు పట్టుకుపోతాడు, లవంగం పెట్టుకో" అన్నారు. పన్ను దానంతటదే ఊడిపోయింది. రెండు మొక్కలు మిగిలేయని ఆయన సంబరపడ్డారు.

పక్కింటి సత్యానందం ఆయనకి పూర్తిగా రివర్సు. రేడియో, స్కూటరు, అన్నీ వాయిదాల మీద కొనేసేవాడు.

"బాబాయ్ గారూ, ముసలయ్యాక తినడానికి పళ్ళుండొద్దాండీ? ఇప్పుడే అనుభవించాలండీ!"

"నీ స్కూటరు ఏడాదికెన్ని కాయలు కాస్తదిరా?"

డెబ్బై ఆరులో వీధికి కరెంటొచ్చింది. అప్పాయమ్మకి వేసంగొస్తే ఒళ్ళంతా చెమటపొక్కులు. ఆవిడ కోరిక ఒక్కటే, సీలింగు ఫ్యాను.

"రిటైరవ్వనీవే! కాలవ పొడుగునా మనకి ముప్పై చెట్లు. కాయలు కోయించి దింపు తీయించిన రోజున ఫ్యానేంటి, ఫ్యాన్ల కొట్టే కొందాం!"

ఆ మాట పట్టుకుని పదేళ్ళు తాటాకు విసనకర్రతో నెట్టుకొచ్చిందండి ఆవిడ.

ఎనభై ఆరులో రిటైరయ్యేరు. తెల్లారేసరికి అప్పాయమ్మ దింపు తీసే కొండయ్యనీ, కాయలకి ఎడ్లబండినీ గుమ్మంలో నిలబెట్టింది.

"ఇవాళ మంచిరోజు కాదే," అని నసిగేరు బుల్లబ్బాయి గారు.

"పదేళ్ళ నించీ ఈ రోజు కోసమేగా చూస్తున్నాను! నడవండి."

మొదటి చెట్టు కాలవగట్టునున్న పైడమ్మ పెరట్లో ఉంది. పైడమ్మ చేపలమ్ముకునే ముసలావిడ, నా అన్నవాళ్ళు లేరు. కొండయ్య చెట్టు మీద చెయ్యేశాడో లేదో పరిగెత్తుకొచ్చింది.

"ఆగయ్యా! దింపు మొన్నే తీయించుకున్నాను."

"మా చెట్టుకి నువ్వు తీయించుకోడమేంటి పైడమ్మా?" అంది అప్పాయమ్మ.

"మీదేంటండీ, నాదేనండి! తెచ్చి పాతింది బాబుగారే, నీళ్ళోసిందీ ఆయనే. 'నాకైతే గవర్నమెంటు పింఛనిస్తుంది. నువ్వు తట్ట మొయ్యలేని నాడు ఇదే నీ పింఛను' అన్నారండి. మొదటి కాపు పట్టుకొస్తే కేకలేసి తిప్పి పంపించేసేరు!"

రెండో చెట్టు కాళ్ళు పడిపోయిన పడవాయన వాకిట్లో. మూడోది ఓ ముసలి చాకలమ్మ పాక వెనకాల. అలా గుమ్మం గుమ్మం తిరిగేరు. చెట్లు ముప్పైకి ముప్పై ఉన్నాయండి, ఆయ్. ముప్పైకీ ముప్పైమంది పింఛను లేని ముసలాళ్ళున్నారు. బండి ఖాళీగా వెనక్కి తిరిగింది. దాని వెనకాల బుల్లబ్బాయి గారు తప్పు చేసిన పిల్లిలా నడుస్తున్నారు.

"మరి మనవన్నారేంటండీ?"

"అనకపోతే మొక్కలు కొననిచ్చేదానివేంటే?"

అప్పాయమ్మ గట్టు మీద ఆగి, నడుం మీద చెయ్యేసింది.

"ఇదిగో వినండి. ఈ నెల నించీ పింఛను నా చేతికొస్తది. రావడం రావడం ఫ్యాను కొంటాను. నెల్లాళ్ళు మీరు దాని కింద కూర్చోడానికి లేదు."

"ఆయ్," అన్నారాయన.

నాలుగడుగులేసి ఆవిడ మళ్ళీ వెనక్కి తిరిగింది.

"రేవు దగ్గర చిన్నబ్బాయి మావయ్య ఒక్కడే ఉంటాడు కదా. ఊరందరికీ పాతి ఆయనకెందుకు పాతలేదండీ?"

"ఆయనకి తొంభయ్యేళ్ళే! మొక్క కాపుకొచ్చేసరికి ఏడేళ్ళు పడుద్ది."

"పడనీండి. తొలికాయ చూసి పోదామని ఆ ఏడేళ్ళూ ఉంటాడు. పదండి, బండి ఎలాగూ ఖాళీయే, మొక్క తెద్దాం."