గుండ్రం చేసిన మూల

రాయకుండా వదిలేసిన ఒక్క వాక్యాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ ముందే దించుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గణితంలో పరిశోధన చేసేవాణ్ని. మాది కారేపల్లి దగ్గర పల్లె. నా పని అంచుల లెక్క. ఒక వస్తువు అంచుల మీద ఏం జరుగుతోందో తెలిస్తే లోపల ప్రతిచోటా ఏం జరుగుతుందో చెప్పే సమీకరణాలు అవి. అంచు నునుపుగా ఉంటే లెక్క బుద్ధిగా వింటుంది. లోపలికి పొడుచుకొచ్చిన మూల ఒక్కటి ఉందా, అక్కడ మొండికేస్తుంది.

మా బావ, అంటే అక్క భర్త, పనిచేసే బొగ్గుబాయి నుంచే మా గైడుకు ఒక పని వచ్చింది. సొరంగం చుట్టూ రాతిలో ఒత్తిడి ఎంతో చూడాలి. నేను ఆ రాతిని కంప్యూటర్‌లో చిన్న చిన్న త్రికోణాలుగా కోశాను. త్రికోణాలు చిన్నవయ్యేకొద్దీ అన్నిచోట్లా ఒత్తిడి అంకె ఒక దగ్గర ఆగింది. కప్పూ గోడా కలిసే మూలలో మాత్రం ఆగలేదు. ఇంకా చిన్నవి చేశాను. ఇంకా పెరిగింది. దగ్గరికి వెళ్లి చూసిన ప్రతిసారీ అక్కడున్నదేదో పెద్దదవుతోంది. పట్టపగలు, పక్కన నలుగురు పనిచేసుకుంటుండగా కుర్చీ వెనక్కి లాక్కున్నాను.

ఆ మూల దగ్గర నా లెక్క చెల్లదని రిపోర్టులో రాయాలి. రాస్తే గైడు పని మళ్లీ మొదటికి తెస్తారు, నా థీసిస్ వెనక్కి పోతుంది. అందుకని మూలను కొంచెం గుండ్రం చేశాను. అంకె ఆగిపోయింది. బొమ్మలో ఆ గుండ్రం కంటికి ఆనదు. ఎవరూ అడగలేదు.

బావ అడిగాడు. ఓ ఆదివారం వాళ్ల క్వార్టర్‌లో, అన్నం ముందు కూర్చున్నప్పుడు.

"బామ్మర్దీ, మేం సద్ది తినేది ఆ సొరంగం గోడకు ఆనుకొనే. పైన మూల చిటచిటమంటున్నది. వేరే జాగకు పోదామంటున్నరు మావోళ్లు. నీ లెక్క ఏమంటున్నది?"

"ఏం గాదు బావా. నేనే చూసిన."

"అవ్ మల్ల. మా బామ్మర్ది చూసినంక ఇంకేంది," అని అక్కవైపు చూసి గర్వంగా నవ్వాడు.

ఆ మూలే కూలింది. మిగతావాళ్లు నీళ్లకని లేచారట. బావ ఒక్కడే సద్ది డబ్బా ముందు కూర్చుని ఉన్నాడట.

నా లెక్క వల్లే కూలిందా? రాయి రిపోర్టులు చదవదు. నేను నిజం రాసినా అది కూలేదేమో. కానీ అప్పుడు బావ దాని కింద ఉండేవాడా? ఈ ప్రశ్న దగ్గరికి వెళ్లినకొద్దీ, ఆ అంకెలాగే, పెరుగుతూనే ఉంటుంది. పర్ణశాల దగ్గర గోదావరిలో అస్థికలు కలుపుతుంటే నాకు ఏడుపు రాలేదు. దుఃఖం గడ్డకట్టిందనుకుని అక్కే నా వీపు నిమిరింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బావ బదులు అక్కకు ఉద్యోగం ఇచ్చారు, క్వార్టర్ నిలిచింది. తర్వాతి వానాకాలం ఆ ఇంట్లో కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా ఒక పగులు మొదలైంది. మీ ఇంట్లోనూ చూడండి, గోడ పగిలేది ఎక్కువగా అక్కడి నుంచే. సిమెంటు పూశాను. అదే దారిన మళ్లీ వచ్చింది. కనపడకుండా అక్క దాని మీద బావ ఫోటో తగిలించింది. మొన్న వెళ్లేసరికి పగులు ఫోటో కింది నుంచి సన్నగా బయటికొచ్చి, అక్క పడుకునే మంచం వైపు దిగుతోంది.

"తమ్మీ, గిది ఏం గాదు గదా?" అంది అక్క.

చదువుకున్నవాణ్ని కదా, ఆ పాత జవాబే నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"తెల్వదక్కా. మంచం ఇటు జరుపుకుందాం పట్టు."

ఇద్దరం కలిసి జరిపాం. మీ బావ ఉంటే నా భయానికి నవ్వేటోడు, అంది. ఫోటోలో ఆయన నవ్వుతూనే ఉన్నాడు. మిగతాది అక్కకు చెప్పలేకపోయాను. ఎప్పటికైనా చెప్పగలనో లేదో తెలియదు. వదిలేసిన ఆ వాక్యాన్ని మాత్రం ఈ రోజు రాస్తున్నాను.

ఆ మూల దగ్గర నా లెక్క చెల్లదు.